నిలబడి మీటింగు

"మొహమాటం వద్దు. మీ పని హాయిగా సాగాలంటే ఏం చెయ్యాలో మీరే చెప్పాలి," అన్నారు సూపరింటెండెంట్ గారు. ఆయన పై అంతస్తు దిగి వార్డుకి రావడం ఇదే మొదలు.

"కూర్చోడానికి కుర్చీలు కావాలి సార్," అంది పెద్ద సిస్టర్.

"మాక్కూడా," అంది ఆయమ్మ.

"కుర్చీలేనా? కాస్త పెద్దగా ఆలోచించండమ్మా! గోడకి జలపాతం బొమ్మ వేయిద్దామా?"

నిలబడటం గుండెకెంత మంచిదో ఆయన వివరించసాగారు. చెప్పగా చెప్పగా ఆయన మోకాళ్ళే పీకాయి. కాలు మార్చారు, గోడకి చేరగిలబడ్డారు, చివరికి తలుపు పక్కనున్న చక్రాల కుర్చీలో కూలబడ్డారు. ఉపన్యాసం మాత్రం ఆపలేదు.

అంతలో, రోగుల్ని ఎక్స్-రేకి తీసుకెళ్ళే బాబాయి వచ్చి, కుర్చీని గిర్రున తిప్పి తోసుకుపోయాడు.

"ఆపవయ్యా! నేను సూపరింటెండెంట్‌ని!"

"అలాగే పెద్దాయనా. పొద్దున ఇంకొకాయన మంత్రినన్నాడు. ఆయనక్కూడా ఫోటో బాగానే వచ్చింది."

పెద్ద సిస్టర్ నవ్వాపుకుంటూ పరుగెత్తుకొచ్చి అడ్డం నిలబడింది. "బాబాయ్, నిజంగానే సారు!"

బాబాయి నాలిక కరుచుకున్నాడు. "తప్పైపోయింది బాబూ. కూర్చుని కనబడ్డారు కదా, రోగి అనుకున్నా. ఇక్కడ పనిచేసేవాళ్ళు కూర్చోగా నేనెప్పుడూ చూళ్ళేదు."

సూపరింటెండెంట్ గారు లేవబోయారు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. వెనక్కి చూస్తే సిస్టర్లు, ఆయమ్మ, అందరూ నిలబడే ఉన్నారు.

"తొయ్యి బాబాయ్," అన్నారు మెల్లగా.

"ఎక్స్-రేకా?"

"నా గదికి. అక్కడ ఎవరూ కూర్చోని కుర్చీలు బోలెడున్నాయి. వచ్చేటప్పుడు రెండు నా ఒళ్ళో పెట్టు."