ఆఖరి పూట కోత

సింహాలమ్మ ఇంట్లో ఉన్న పాత గేమ్ కన్సోల్ తయారీ ఆగిపోయి పాతికేళ్లయింది. దాని ఆన్‌లైన్ స్టోర్ ఈ సాయంత్రం ఆరింటికి మూతపడుతుంది. దానితోపాటే ఎక్కడెక్కడి వాళ్లతోనో కలిసి ఆడే దారీ మూసుకుపోతుంది. ఆలోగా ఆడి తీరాల్సిన ఆటల పేర్లు కోడలు హైమ చదువుతోంది.

"కార్ల పందెం బాగుంటాదట అత్తా. దెయ్యాల కోట కూడా ఉంది."

"నాకు కోతల పందెం ఎట్టవే. అందులో అవతల మనిసుంటాది," అంది సింహాలమ్మ.

ఇప్పుడు కళ్లద్దాల్లో వచ్చే ఆటలన్నింటిలోనూ అవతల ఉండేది యంత్రమే. ఆడేవాళ్ల మనసెరిగి అదే ఓడిపోతుంది. ఆ గెలుపులతో సింహాలమ్మకు మొహం మొత్తింది. ఒక్కసారి మనిషితో ఆడాలని ఆమె కోరిక.

ఐదున్నర దాటాక ఊరూ పేరూ తెలియనివారెవరో జత కలిశారు. తెరమీద రెండు వరిమళ్లు. ముందు కోత ముగించినవాళ్లదే గెలుపు. అవతలి కొడవలి తడబడుతోంది. సింహాలమ్మ తన మడి సగంలో వదిలి, గట్టు దాటి ఆ మడిలో దిగింది.

"అయ్యో, ఇది పందెమత్తా! నీ మడి కొయ్యి!"

"ఎనకబడినోళ్లకి సాయం దిగకపోతే, రేపు మన కోతకి ఎవులొత్తారే?"

అవతలి మడి కోత అయిపోయింది. సింహాలమ్మ ఓడిపోయినట్టు తెరమీద పడింది. హైమ పకపకా నవ్వింది.

గెలిచిన మనిషి మాత్రం వెళ్లిపోలేదు. గట్టు దాటి వచ్చి, సింహాలమ్మ మడిలో మిగిలిన వరి వంకరటింకరగా కోయడం మొదలుపెట్టారు.

"మనిసేనే హైమా!" అంది సింహాలమ్మ. ఆరింటికి తెర ఆరిపోయేదాకా ఆ కొడవలి పక్కనే తన కొడవలి ఆడిస్తూ కూర్చుంది.