చెప్పులు విప్పని పిల్ల

“ఆ పిల్లని వాళ్లమ్మకి చూపించాలా, మానెయ్యాలా? ఏదో ఒకటి తేల్చి చెప్పండి,” అంది ఫోన్లో గొంతు.

టైలరమ్మ బట్టల మూటల మధ్య కాళ్లు ముడుచుకుని కూర్చుంది. దారపు రీళ్లకి ఆనించిన ఫోన్ తెర మీద ఏ ముఖమూ లేదు. పిల్లల పెంపకం, కుటుంబం గురించి నేర్పే ఆన్‌లైన్ కోర్సులో ఇవాళ సలహా చెప్పే పరీక్ష. ఇద్దరేసి జట్టు. కెమెరాలు ఆపెయ్యాలి, పేర్లు చెప్పుకోకూడదు. ఒకరు తమ ఇంటి సమస్య చెప్తే రెండోవాళ్లు దారి చూపాలి. టీచరమ్మ ఒక్కో జట్టులోకీ తొంగిచూసి, కాసేపు విని, మార్కులు వేసి పోతుంది.

“పిల్లలు పెంచడానికీ పరీక్షలా? పెడితే సగం లోకం ఫెయిలే,” అని గొణిగింది పక్కన అన్నం తింటున్న బొత్తాల పిన్ని. ఆ కుట్టు దుకాణంలో బొత్తాలన్నీ ఆవిడ చేతి మీదే. “పిల్లల కోసం కోర్టు గడప తొక్కినవాళ్లందరికీ ఇదే చదువు అంటగడుతుందటగా మీ కౌన్సిలరమ్మ!”

“ష్... ఊరుకో పిన్నీ. ఇది గట్టెక్కితేనే నా కూతురు నా దగ్గరికొచ్చేది,” అని టైలరమ్మ మళ్లీ ఫోన్ వైపు వంగింది. “పిల్ల మీకు ఏమవుతుందండీ?”

“మావారి మొదటి భార్య కూతురు. చిన్నపిల్ల. వాళ్లమ్మని కలిసొచ్చిన రోజు చెప్పులు విప్పదు. వాటితోనే పడుకుంటుంది. విప్పబోతే గుక్కపట్టి ఏడుస్తుంది. తిండి కూడా సరిగ్గా తినదు. చూళ్లేకపోతున్నానండి.”

“ఆవిడ ఎలాంటి మనిషి?”

“నేనెప్పుడూ చూళ్లేదు. పిల్లని వదిలేసి తన దారి తను చూసుకుందట, మావారే చెప్పారు. ఇప్పుడేమో తీరిక దొరికినప్పుడు వచ్చి ముద్దులాడి పోతుందట.”

టైలరమ్మకి ఒళ్లు మండిపోయింది. ఇక్కడ తను, మొగుడు మెడపట్టి గెంటితే బయటపడి, కూతురి కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తోంది. అక్కడెవతో చేతిలో ఉన్న పిల్లని వదిలేసి పోయిందట! తల్లులందరికీ మచ్చ తెచ్చేది ఇలాంటివాళ్లే అనుకుంది.

సలహా చెప్పేముందు రెండోపక్క మాట కూడా కనుక్కోమని పాఠంలో ఉంది. అది గుర్తుకొచ్చింది కూడా. కానీ బయట కుట్టుమిషన్లు మళ్లీ మొదలయ్యాయి. “భోజనమా, పెళ్లి విందా?” అని ఓనరమ్మ కేకేసింది. అదే సమయానికి టీచరమ్మ కూడా వినడానికి వచ్చింది.

“చూపించకండి,” అంది టైలరమ్మ. “ఒక ఆరు నెలలు అసలు చూపించకండి. మాటిమాటికీ కట్టు విప్పుతుంటే పుండు ఎలా మానుతుంది? ఆవిడ ఏడ్చినా, కాళ్లమీద పడినా జాలిపడకండి. పిల్ల మెల్లగా మర్చిపోతుంది.”

అవతలి గొంతు ఇంకో మాట అడిగింది.

“మీకు పిల్లలున్నారా?”

“ఒక్కతే కూతురు.”

“అయితే సరేనండి. కన్నవాళ్లు చెప్తే ఇంక ఆలోచించేదేముంది?”

“కట్టూ పుండూ... బాగా అర్థమయ్యేలా చెప్పావమ్మా,” అంది టీచరమ్మ. మార్కులు కూడా బాగానే పడ్డాయి.

ఫోన్ ఆపేసరికి బొత్తాల పిన్ని చెయ్యి కడుక్కోకుండా అలాగే చూస్తోంది. “ఎవత్తో పాపం. తల్లి నోట అంత మాట ఎలా వచ్చిందే నీకు?”

“వదిలేసి పోయినదానికి జాలేంటి పిన్నీ,” అని టైలరమ్మ మిషన్ ఎక్కింది.

ఆదివారం, కూతుర్ని చూపించే రోజు, టైలరమ్మ కౌన్సిలర్ ఆఫీసులో అందరికన్నా ముందు వచ్చి కూర్చుంది. మిగిలిన ముక్కలతో కుట్టిన గౌను ఒళ్లో ఉంది. కోర్సు పాసైంది, ఇక అడ్డేముందన్న ధీమా ముఖంలో కనిపిస్తోంది. పిల్లని ఎప్పుడూ వాళ్ల నాయనమ్మే తీసుకొస్తుంది. వెళ్లేటప్పుడు నాయనమ్మకి వినపడకుండా కూతురి చెవిలో తను చెప్పే మాట ఒక్కటే: “రెడీగా ఉండు బంగారం, ఏ క్షణమైనా వచ్చి తీసుకెళ్లిపోతా.” ఇన్నాళ్లకి ఆ మాట నిజం కాబోతోందని ఆమె సంతోషం.

తలుపు తెరుచుకుంది. నాయనమ్మ కాదు. ఎవరో పడుచు, ఒంటరిగా వచ్చింది. కౌన్సిలర్ గదిలోకి వెళ్లి చాలాసేపటికి బయటికొచ్చి, తటపటాయిస్తూ ఎదురుగా నిలబడింది.

“పాప వాళ్లమ్మ మీరేనా?”

టైలరమ్మ అవునని తలూపింది. ఆ తర్వాతగానీ ఆ గొంతు ఎక్కడ విన్నదో గుర్తుకురాలేదు. గుర్తు రాగానే దిగ్గున లేచింది. ఒళ్లోంచి గౌను జారి కింద పడింది.

“పాపని తేలేదండి. ఆరు నెలలు చూపించొద్దని మేడంగారిని ఒప్పించాను,” అంటూ ఆ పడుచు వంగి గౌను తీసి ఆమె చేతిలో పెట్టింది. “నన్ను తిట్టుకోకండి, ఇది నా సొంత తెలివి కాదు. ఈ సలహా చెప్పినావిడ కూడా కూతుర్ని కన్న తల్లేనండి.”