మిగిలిన ఒక్క స్పీకరు

"చీకటి పడేలోపల దీన్ని అమ్మలేకపోతే షోకేసు నాది బావా. నా మిక్సీలు పెట్టుకుంటా," అన్నాడు హుమాయున్, అందరికీ వినపడేలా.

షఫీకి ఒళ్లు మండింది. ప్రొద్దుటూరు మెయిన్ బజారులోని ఆ అంగడి బావాబామ్మర్దులిద్దరిదీ. హుమాయున్ వైపు మిక్సీలూ కుక్కర్లూ చకచకా కదిలిపోతుంటాయి. షఫీ వైపు అద్దాల షోకేసులో ఒకే ఒక్క స్మార్ట్ స్పీకరు పెళ్లికొడుకులా కూర్చుని ఉంటుంది. మామూలు రకం కాదు, బాగా ఖరీదైనది. నోటితో చెప్తే చాలు, పాట పెడుతుంది, టైము చెప్తుంది, లైట్లార్పుతుంది. వచ్చినవాళ్లు దాంతో నాలుగు ముచ్చట్లాడి, ధర అడిగి, ఓ దండం పెట్టి పోతారు. అది వచ్చి ఏడాదయింది. "ఇంటికే తెచ్చుకోరాదా? నీ మాట వినేది ఒక్కటన్నా ఉంటాది," అని ఇంట్లో భార్య కూడా ఆటపట్టిస్తోంది.

షోకేసు పోతే పరువు పోయినట్టే. ఇవాళ ఎలాగైనా అమ్మి తీరాలనుకున్నాడు షఫీ.

సరిగ్గా అప్పుడే ఓ ఆటో ఆగింది. లింగాల అనే పల్లె నుంచి వచ్చిన సంజీవయ్య, ఆయన భార్య చిన్నసుబ్బమ్మ దిగారు. గొర్రెల మంద ఉన్న కుటుంబం. సంజీవయ్య మిక్సీల వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా షోకేసు దగ్గరికి వచ్చి వేలు చూపించాడు.

"ఇది మాట్లాడేదే కదప్పా? మంచిదేనా?"

షఫీ ప్రాణం లేచొచ్చింది. "మంచిదా అంటావేంది మామా! దీనికి మించింది జిల్లాలో లేదు!"

"మా ఆడమనిషికి దీని మీద శానా అనుమానాలుండాయి. అవన్నీ నువ్వే తీర్చాల."

"అడగమ్మా, అడుగు!"

చిన్నసుబ్బమ్మ కొంగు బిగించింది. "నెట్టు పోతే సారీ అంటాది. ఏమడిగినా సారీనే. ఇంకో మాట రాదు."

"తప్పు ఒప్పుకునే గుణమమ్మా అది! మా బామ్మర్ది నోట ఒక్కసారన్నా విన్నానా ఆ మాట?"

మిక్సీ కొనడానికి వచ్చినవాళ్లు పకపకా నవ్వారు. హుమాయున్ మూతి ముడిచాడు.

"మన మాట దానికి ఎక్కదు. యాడ, ఈడ అంటే బిక్కమొగమేస్తాది. కోస్తావాళ్ల మాదిరి నాజూగ్గా అడగాల."

"ఇంట్లో ఊరికే మాస్టరు దొరికినట్టు కదమ్మా! నేర్చుకోండి నాజూకుగా!"

"తెల్లారుజామున మంద అరిస్తే, తన్నే పిలిచినారనుకోని లైటు వెలిగించుకోని పలుకుతాది."

ఈమె ఫోన్లో వీడియోలన్నీ నమిలి మింగి వచ్చినట్టుందే అనుకున్నాడు షఫీ. అయినా తగ్గలేదు. "ఇంగ కాపలా ఎందుకమ్మా? దొంగ గొర్రెను ముట్టుకుంటే ఊరంతా లేస్తాది!"

సంజీవయ్య తొడ చరిచాడు. "శభాష్! ఇంకోటి అడుగు సుబ్బీ! చెప్తాడో లేదో చూద్దాం!"

"ఇంట్లో మాటలన్నీ వింటాదంట."

"వినేవాళ్లుంటే మనుషులు మంచి మాటలే మాట్లాడుకుంటారు తల్లీ. మీ ఇంట్లో కొట్లాటలుండవు."

"మొగోళ్లు పొద్దస్తమానం దాంతోనే ముచ్చట్లు పెట్టుకుంటారు. పెండ్లాము అన్నానికి పిలిచినా పలకరు."

"ఆ పిలుపేదో దాంతోనే పిలిపించు! ఉరుక్కుంటూ వస్తారు!"

అంగడంతా ఘొల్లున నవ్వింది. షఫీ అదే ఊపులో స్పీకరుతో ఓ మంచి పాట పెట్టించాడు. నాజూగ్గానే అడిగాడు లెండి. బజార్లో పోయేవాళ్లు ఆగిపోయారు. కుక్కరు కొన్న ముసలాయన దాని మూత మీద దరువు మొదలుపెట్టాడు. హుమాయున్ బల్ల కింద కాలాడిస్తూ దొరికిపోయాడు. షఫీ గాల్లో తేలిపోతున్నాడు. ఇంత బాగా తను ఎప్పుడూ మాట్లాడలేదు. ఇంతమంది ఎప్పుడూ వినలేదు.

పాట అయిపోయింది. చిన్నసుబ్బమ్మ మెత్తబడింది. "అంతా బాగానే చెప్పినావు నాయనా. ఇంట్లో పెట్టుకున్నాక మాకు పొసగకుంటే? అప్పుడు ఎవురు తీసుకుంటారు దీన్ని?"

"నేను తీసుకుంటా!" షఫీ రొమ్ము మీద చెయ్యేసుకున్నాడు. "ఇది ప్రొద్దుటూరమ్మా, బంగారానికి పేరుపడిన ఊరు! బంగారం అంగట్లో అమ్మిన నగ వెనక్కి తెస్తే కాదంటారా? ఇది మాత్రం తక్కువదా? ఇట్లాంటిది ఎవురు తెచ్చినా సరే, కళ్లకద్దుకోని, పూర్తి ధరకే తీసుకుంటా. ఇంతమంది ముందర చెప్తాండా!"

జనం చప్పట్లు కొట్టారు. హుమాయున్ కూడా కొట్టాడు, తప్పక.

మొగుడూ పెళ్లాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి మొహాలూ చాటంతయ్యాయి.

"మాటంటే మాటే కదప్పా?" అంది చిన్నసుబ్బమ్మ.

"షఫీ మాటమ్మా. తిరుగుండదు!"

"ఉండు, ఇప్పుడే వస్తా," అని సంజీవయ్య ఆటో దగ్గరికి ఉరికాడు. దుడ్లు తేవడానికే అనుకున్నాడు షఫీ. బిల్లు బుక్కు తీసి, పెన్ను మూత విప్పి, బామ్మర్ది వైపు చూసి మీసం దువ్వాడు.

సంజీవయ్య చంకలో మూటతో రొప్పుకుంటూ వచ్చి, పాత దుప్పటి విప్పి, అచ్చం అట్లాంటి స్పీకరునే తీసి మొదటిదాని పక్కన కూర్చోబెట్టి, "మా మేనల్లుడు నెల కింద ఇచ్చినాడప్పా, ఊరూరా తిరిగినా ఎవురూ కొనలేదు, ఇంగ తీసుకో!" అన్నాడు.