రెండో తలుపు

"నేను జిల్లా ఆఫీసర్ రాజేశ్వర్ రావును మాట్లాడుతాన, వరంగల్ నుంచి. ముందుగాల నీ పేరు చెప్పు."

అవతల హైదరాబాదులో ఫోనెత్తిన కంప్యూటర్ ఆపరేటరు తన పేరు పాండురంగం అని చెప్పుకున్నాడు. అంతే, తిట్లు మొదలయ్యాయి.

తిట్టక ఏం చేస్తారు? దవాఖానలో పాము కరిచిన మనిషొకడు మంచాన పడి ఉన్నాడు. నిన్న పొద్దుగూకే వేళ ధర్మసాగర్ చెరువు కట్ట మీద కరిచింది. కనురెప్పలు వాలిపోయాయి. నాలుక మొద్దుబారింది. ఈ వానలకు పాముకాట్లు ఎక్కువై ఊళ్లో ఉన్న మందంతా ఊడ్చుకుపోయింది. మిగిలింది ఎక్కించారు, చాల్లేదు. సాయంత్రంలోగా ఇంకో విడత పడకపోతే ఊపిరి నిలవదని డాక్టరు తేల్చి చెప్పాడు.

మందు హైదరాబాదు గోదాములో నిక్షేపంగా ఉంది. ఎవరి చేతన్నా బస్సులో పంపితే చాలు, పొద్దుండగానే వస్తుంది. కానీ పంతొమ్మిదొందల ఎనభై ఎనిమిదికల్లా సర్కారుకు కంప్యూటర్ల పిచ్చి పట్టింది కదా. కాగితం చెల్లదు, డాక్టరు బతిమాలినా చెల్లదు. జిల్లా ఆఫీసరు పేరు మీద మిషనులో ఆర్డరు పడాలి. అది పడితేనే గోదాము తాళం తీస్తారు.

పడటానికేమో రెండు తలుపులు. హన్మకొండ ఆఫీసులోని మిషను ముందు ఫోన్ తీగ మీదుగా హైదరాబాదు పెద్ద మిషనులోకి పోవాలి. అందులోంచి గోదాము మిషనులోకి దూరాలి. పెద్ద మిషను పేరూ రహస్య పదమూ అడిగి, రా దొరా అని రానిచ్చింది. గోదాము మిషను మాత్రం పర్మిషన్ లేదు పొమ్మంది. పొద్దటి నుంచి అదే పాట. తీగ ఊడదీసి పెట్టారు. రహస్య పదం ఒక్కో అక్షరం చూసి మళ్లీ కొట్టారు. పొమ్మంటే పొమ్మంది.

"పొద్దున మీ ఆపరేటర్ చాంద్ పాషాకు చెప్పిన గద సార్," అన్నాడు పాండురంగం. "గోదాం మిషన్ల నేను చెయ్యి పెట్టాల్నంటే ఆఫీసర్ సారన్న మాట్లాడాలె, లేకుంటే ఇంచార్జి ఆర్డరన్న తేవాలె."

"వాడొక దద్దమ్మ. దండాలు పెట్టుకుంట మాట్లాడెటోడు. వాని ముచ్చట పక్కన పెట్టు, నాకు చెప్పు."

ఇంచార్జి ఆర్డరు రావడానికి రెండ్రోజులు. రెండ్రోజులకు అక్కడ మంచం ఖాళీ అవుతుంది. ఆ మాట తలుచుకోగానే కోపం నసాళానికి అంటింది. ఉత్తుత్తి కోపం కాదు, నిజమైన కోపమే. తిట్లు వెతుక్కునే పనే లేకపోయింది, ఒకదాని వెనక ఒకటి నోటికొచ్చాయి. అక్కడ గాడిదలు కాస్తున్నవా అన్నాడు. జీతం తినుడు తప్ప తెలివి లేదా అన్నాడు. నీ అసుంటోన్ని నౌకరీల పెట్టినోన్ని అనాలె అన్నాడు.

అటెండరు రాజక్క తలుపు దగ్గరే నిలబడింది. ఎవరినీ లోపలికి రానివ్వడం లేదు. ఏండ్లుగా ఈ గదిలో ఈ తిట్లే వింటున్న మనిషి, ఇవ్వాళ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జర నీ తెర మీద చూసి చెప్పు. గోదాం మిషను దగ్గరికి ఎవరొచ్చినట్టు చూపెడ్తాంది?"

కాసేపు టకటకలు వినిపించాయి. "పెద్ద మిషనే వచ్చినట్టు చూపెడ్తాంది సార్. మీ పేరు లేదు."

అదీ సంగతి. వరంగల్ చెప్పిన పేరు మొదటి తలుపు దగ్గరే ఆగిపోయింది. పెద్ద మిషను రెండో తలుపు తన పేరు మీద కొడుతోంది. పెళ్లికి పోతే గేటు దగ్గర దండం పెట్టి పిలిచి, బంతిలో కూర్చున్నాక నువ్వెవరి తరఫు అని ముందున్న విస్తరి లాగేసినట్టుంది.

మందు తెలిసిన రోగమే. పెద్ద మిషను ఆ పేరును మోసుకుపోవాలి. దాని మీదుగా వచ్చే ఆ పేరును నమ్మమని గోదాము మిషనులో ఒక్క లైను రాయాలి. రాయగలిగింది పాండురంగం ఒక్కడే.

"రాస్తే నా నౌకరీకి వస్తది సార్. మీరు మీరేనని నాకేం తెలుసు? గొంతు గూడ మారినట్టున్నది."

"రాత్రంతా దవాఖానల కూసున్నోని గొంతు కోకిల లెక్క ఉంటదార? మనిషి సచ్చినంక గుర్తువడుతవా నన్ను? ఆ పానం పోయిందనుకో, రేపు పొద్దుగాల్ల బస్సుకే దిగుత. నీ కుర్సీ నీ నెత్తిన పెట్టి ఆఫీసు సుట్టూ తిప్పుత."

పాండురంగం మెత్తబడ్డాడు. "ఇగ డౌట్ లేదు సార్. పోయినసారి ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినప్పుడు గూడ గీ కుర్సీ మాటే అన్నరు."

లైను రాశాడు. ఇక్కడ మళ్లీ పేరు కొట్టారు, రహస్య పదం కొట్టారు. మొదటి తలుపు తెరుచుకుంది. రెండోదీ తెరుచుకుంది. ఆర్డరు పడింది. పదకొండు గంటల బస్సుకు మందు ఎక్కించే పూచీ తనదన్నాడు పాండురంగం. ఆపైన జంకుతూ ఓ మాట అడిగాడు.

"పేషెంటు మీకేమైతడు సార్?"

రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

"ఏం కాడు. ఏమన్న ఐతేనే బతికియ్యాల్నా?"

ఫోన్ పెట్టేసి, దవాఖానలో మాట పడిపోయి ఉన్న రాజేశ్వర్ రావు సారుకు మందు వస్తోందని చెప్పడానికి చాంద్ పాషా సైకిలెక్కాడు.