చెవులు కోసిన గొర్రెలు

"ఆ చేతులు వదులు ముకాష్! ఆ గొర్రెలు మావి."

పశువుల సంతలో తలలన్నీ అటు తిరిగాయి. దళారీ ముకాష్ అప్పటికే అమ్మేవాడి చేతినీ కొనేవాడి చేతినీ కలిపి పట్టుకుని భుజాలు ఊడేలా ఊపుతున్నాడు. ఇంకో రెండు ఊపులకు బేరం ఖాయం. పక్కనే కసాయి లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అది కదిలితే సాయంత్రానికి పద్నాలుగు గొర్రెలూ పట్నంలో మాంసం.

అరిచినామె ఊల్‌కాన్. అరవై రెండేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఊళ్ళో చిన్న తరగతులన్నీ ఆమెవే. గోళ్ళు చూడనిదే ఏ పిల్లాణ్ణీ బడిలోకి రానివ్వదు. ఏడుగురు తినే ఇంటికీ, బంగాళాదుంపల చేనుకీ, మందకీ పెద్దదిక్కు కూడా ఆమే. నెరిసిన గడ్డాలవాళ్ళు సైతం ఆమెను 'ఎజె' అనే పిలుస్తారు, అక్కా అని.

"మీవని గుర్తేది ఎజె?" అన్నాడు ముకాష్ ఇబ్బందిగా. "చెవి గాటు చూపించండి, ఇప్పుడే ఆపేస్తాను."

చూపించడానికి చెవులుంటే కదా! ఆ లోయలో ఇంటికొక గాటు. ఊల్‌కాన్ ఇంటి గాటు ఎడమ చెవి కొసన, పిచ్చుక తోకలా ఉంటుంది. ఈ పద్నాలుగింటికీ చెవులు సగానికి కోసేసి ఉన్నాయి.

"చలికి కుళ్ళితే పాత యజమాని కోశాడట," అన్నాడు అమ్మేవాడు. పేరు తైలక్ అని చెప్పుకున్నాడు. నలభై ఏళ్ళుంటాయి, గడ్డం దట్టంగా ఉంది. "జబ్బేమోనని నేను వాటి చెవులు ముట్టుకోనైనా లేదు. నేను కనుమ అవతలివాణ్ణి పెద్దమ్మా. మీ ఊరు ఏ దిక్కున ఉందో కూడా తెలీదు. ఇదిగో కాగితం."

కాగితం మీద ముద్ర ఉంది. సంత లెక్క సంతది. ముద్ర ఒక పళ్ళెంలో, ముసలామె మాట ఇంకో పళ్ళెంలో పెడితే ముద్రే కిందికి దిగుతుంది.

"శుక్రవారం పట్టపగలు తోలుకుపోయారు," అంది కోడలు బర్చిన్ కళ్ళు తుడుచుకుంటూ. "అత్తమ్మ బడిలో, నేను చేలో ఉన్నాం. అన్నీ చూడివి, ఈ నెలలో ఈనేవి. ఇవి పోతే మాకిక మందే లేదు."

"ఏడిస్తే గొర్రెలొస్తాయా చెల్లీ? అలాగైతే నేనూ రోజుకో గంట కూర్చుని ఏడుస్తా," అన్నాడు తైలక్. కొందరు నవ్వారు.

ఊల్‌కాన్ నవ్వలేదు, కోప్పడలేదు. శాలువాలోంచి బడి గంట తీసింది. పిడి అరిగిపోయిన ఇత్తడి గంట.

"ఈ గంట కొట్టే నా గొర్రెలకు ఉప్పు పెడతాను. మావైతే నా దగ్గరికి వస్తాయి. రాకపోతే నువ్వే తోలుకుపో."

బర్చిన్ అదిరిపడింది. "అత్తమ్మా, అదేంటి..."

"నువ్వుండు."

"చెవులే లేవు, గంటేం వింటాయి పెద్దమ్మా!" తైలక్ పగలబడి నవ్వాడు. "సరే కొట్టండి. అందరూ విన్నారుగా, తర్వాత మాట మార్చకూడదు."

జనం వెనక్కి జరిగి వలయంగా నిలబడ్డారు. కళ్ళన్నీ గొర్రెల మీదే. ఊల్‌కాన్ రోజూ ఎనిమిదింటికి కొట్టినట్టే కొట్టింది. మూడు పొట్టివి, ఒకటి పొడుగుది.

ఒక్క గొర్రె కదల్లేదు. ఒకటి తలెత్తి తుమ్మి మళ్ళీ గడ్డిలో మూతి పెట్టింది. బర్చిన్ మొహం కప్పుకుంది.

"అయిపోయింది, ఎక్కించండి," అన్నాడు కసాయి.

"ఆగు. ఎవరూ చేతులు దించొద్దు!"

తరగతి గది గొంతు అది. జనం అప్పుడు తమ చేతుల వైపు చూసుకున్నారు. ముకాష్ రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతులు నేల వైపు పెట్టి, వేళ్ళు విడదీసి నిలబడి ఉన్నాడు. అతని పక్కన మేకల బషీర్ అలాగే ఉన్నాడు. కట్టెలమ్మే అతను, లారీ డ్రైవరు కూడా అంతే. వలయంలో అక్కడక్కడా పన్నెండు మంది. గంట వినగానే గోళ్ళు చూపించాలన్నది ఊల్‌కాన్ బడి ఆచారం. ఆ జిల్లాలో ఇంకే బడిలోనూ లేదు. మిగతావాళ్ళు విరగబడి నవ్వుతున్నారు.

ఊల్‌కాన్ గొర్రెల వైపు చూడనే లేదు. గంట కొట్టేటప్పుడే వాళ్ళ వైపు తిరిగి ఉంది. ఇప్పుడు వరుసగా చూసుకుంటూ నడిచింది.

"శుభ్రంగా ఉన్నాయి. నువ్వు కత్తిరించుకో ముకాష్, సిగ్గులేదూ, మనవలున్నారు. నీవి బాగున్నాయి బషీర్."

పన్నెండో జత చేతుల ముందు ఆగింది. వంగి, పది వేళ్ళూ నిదానంగా చూసింది. తర్వాత తలెత్తి, దట్టమైన గడ్డంలోకి చూసింది.

"ఏ ఏడాది చదివావో గుర్తు రావడం లేదు నాయనా," అంది తైలక్‌తో. "గోళ్ళ కింద మాత్రం నా గొర్రెల నెత్తురే ఉంది."