లాగ్‌బుక్‌లో ఒక పేజీ

"రెండు లక్షలు తగ్గించాల్సిందే," అన్నారు కొనడానికి వచ్చిన చిట్టిబాబు గారు, మా విమానం లాగ్‌బుక్‌లో ఒక పేజీ మీద వేలు పెట్టి. "దిగేటప్పుడు నేలకు గట్టిగా తగిలి చక్రం కడ్డీ వంగిందని మీరే రాశారు!"

మా ఆయన ఫ్లయింగ్ క్లబ్‌లో రిటైరైతే వచ్చిన డబ్బంతా ఈ పాత రెండు సీట్ల విమానం మీదే పోశారు. ఆ కుదుపు ఆయన తప్ప ఎవరూ చూడలేదు. రాయకండి మహానుభావా అని నేను మొత్తుకున్నాను కూడా.

"కడ్డీ కొత్తది వేశానండీ," అన్నారు మా ఆయన మెల్లిగా.

"మచ్చ మచ్చే కదా! మొన్న ఇంకోచోట చూసిన విమానం లాగ్‌బుక్ అద్దంలా ఉంది."

అంతసేపూ మా ఆయన మీదున్న కోపం చిట్టిబాబు గారి మీదికి మళ్లింది.

"అదెన్నేళ్లది అన్నయ్యగారూ?"

"ఇరవై."

"ఇరవై ఏళ్లలో ఒక్క కుదుపూ లేదా? మా స్కూటరు మా వీధి దాటేలోపే నాలుగుసార్లు ఎగిరి పడుతుంది. ఇంతకీ విమానం ఎవరికి?"

"మా కిరీటికి. నేర్చుకుంటున్నాడు."

"అయితే దాన్నే కొనండి. తగిలిన దెబ్బ రాసినవాళ్ల విమానం మీకెందుకు? దాచినవాళ్ల విమానమే ఎక్కించండి మీ అబ్బాయిని!"

ఆయన ముందున్న జంతికల పళ్లెం తీసేశాను.

చిట్టిబాబు గారు ఆ పేజీ మళ్లీ మొదటి నుంచి చదివారు. ఈసారి వేలు పెట్టలేదు.

"మీరడిగినంతే ఇస్తాను. ఆ పళ్లెం ఇటు పెట్టు చెల్లెమ్మా."

రెండే రెండు జంతికలు పెట్టాను. కోపం ఇంకా పూర్తిగా దిగలేదు మరి.