కృష్ణగిరిలో ఇంకో కాపీ

"అన్నీ పోయినాయి ధన్యా," అంటూ కేశవ్ కంప్యూటర్ ముందు కూలబడ్డాడు. పెళ్లి ఫోటోలు విడిగా దాచిన డి డ్రైవ్‌ను కూడా వైరస్ వదల్లేదు.

"ఇంకో కాపీ హార్డ్ డిస్కులో ఉంది. కృష్ణగిరిలో, మా అమ్మ దగ్గర," అంది భార్య, అనపకాయలు ఒలుస్తూ.

అతనికి ప్రాణం లేచి వచ్చింది. "ఏం, హోసూరులో మనకు బీరువా లేదా?"

"ఈడ ఏమన్నా అయితే ఆడొకటి ఉండాల కదా."

"మంచి పని చేసినావు. ఇంకేమి పెట్టినావు ఆడ?"

"నా సర్టిఫికెట్లు, నగలు, కొన్ని చీరలు."

"చీరలెందుకు?"

"పోయిన ఉగాదికి మీరు నన్ను ఇంట్లోంచి పొమ్మన్నారు కదా."

ఆ మాట అన్నట్టే కేశవ్‌కు గుర్తులేదు. వచ్చి ఆమె పక్కన కూర్చుని, తానూ ఒక కాయ ఒలిచాడు.

"ఆదివారం పోయి అన్నీ తెచ్చుకుందాం."

"డిస్కు తెచ్చుకుందాం," అంది ధన్య. "చీరలు ఇంకొన్నాళ్లు ఆడే ఉండనీండి."